లోపల వదిలిన గుడ్డ

“గుడ్డ ఏదయ్యా?” అని మూడోసారి అడిగింది మిల్లువారి చిన్నమ్మగారు.

దర్జీ కత్తెరాయన నీలం కోటును తిరగేసి, పక్క కుట్లు విప్పేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. చూసిన చోటే మళ్లీ చూస్తున్నాడు. నీళ్లలో చేప కోసం నిలబడ్డ కొంగ కూడా అంతసేపు ఒకే చోట చూడదు.

ఎంత చూసినా గుడ్డ లేదు.

కోటు కుట్టినప్పుడల్లా పక్క కుట్ల లోపల రెండు వేళ్ల వెడల్పున గుడ్డ వదలడం ఆయన పద్ధతి. తొడుక్కునేవాడు ముందుముందు ఒళ్లు చేస్తే కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు. ఆ వదిలిన గుడ్డ రెండు పక్కలా మాయమైంది. ఎవరో అంచుకంటా కత్తిరించేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కుట్టేశారు.

ఆ కోటు, పోయిన నెల జ్వరంతో చనిపోయిన మిల్లువారి అబ్బాయిది. పోయినవాడు వెదురుబద్దలా ఉండేవాడు. ఇప్పుడు దాన్ని తొడుక్కోవలసినవాడు అతని పినతండ్రి కొడుకు. టోపీ తీసి పక్కన పెట్టి, అద్దం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు ఉన్నంత మేరా ఉన్నాడు, స్టూలు అయిపోయాక కూడా కాస్త ఉన్నాడు. సోమవారం నుంచి మిల్లు ఆఫీసులో అన్న కుర్చీలో కూర్చోబోతున్నాడు. కుర్చీతోపాటు కోటు కూడా కావాలంది అతని తల్లి చిన్నమ్మగారు. రోజూ లారీలకొద్దీ గుడ్డ నేసి అమ్మే ఇల్లు, చనిపోయిన పిల్లాడి కోటు ఒకటి వృథా పోతుందేమోనని దిగులు పడింది. డబ్బున్నవాళ్ల దుఃఖం కూడా పొదుపుగానే ఉంటుంది.

“మా బావగారు వాడి కోసం ప్రత్యేకం నేయించిన గుడ్డ అది. ఆ రంగు మళ్లీ మగ్గం ఎక్కలేదు. నీకు తెలుసా?”

“తెలుసమ్మగారూ. కుట్టింది నేనేగా.”

“కుట్టింది నువ్వే. మిగిలించుకుంది ఎవరు?”

కాజాలు కుడుతున్న కత్తెరాయన భార్య సూది పైకెత్తి అలాగే ఉంచింది. మూల ఇస్త్రీ బల్ల దగ్గర కూతురు మాత్రం తలెత్తలేదు. పదిహేడేళ్ల పిల్ల. సన్నగా ఉంటుందని వీధిలో అందరూ సూదిపిల్ల అంటారు. ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేస్తోంది.

“మిగిలించుకోవడం మా ఇంటా వంటా లేదు,” అన్నాడు కత్తెరాయన.

“దర్జీలందరూ అదే అంటారు. దర్జీల పిల్లలందరికీ మా గుడ్డల చొక్కాలే ఉంటాయి.”

“ఆ మాట అనకండి.”

“అంటే ఏం చేస్తావు? నా నోరు కూడా కుట్టేస్తావా?”

గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్న ఆయన అక్కగారికి ఆ మాట భలే నచ్చింది. తమ్ముడి ఇంట్లో తింటూ తమ్ముడి మీద ఎవరేమన్నా లోలోపల సంతోషించే మనిషి ఆవిడ. ఆవిడ గొంతెత్తితే వీధి చివర కుక్కలు మొరగడం మానేసి వింటాయంటారు. అంత గొంతునీ మింగేసి, మర్యాదగా అంది:

“ఒరే తమ్ముడూ, సరిగ్గా గుర్తు చేసుకో. ఎక్కడైనా పెట్టి మర్చిపోయావేమో.”

“కోటు లోపలున్న గుడ్డని ఎక్కడ పెట్టి మర్చిపోతానే అక్కా? జేబులో తాళాలా?”

“నేనేదో నీ మంచికి చెప్పాను.”

“నువ్వు నా మంచికి చెప్పడం మొదలుపెట్టినప్పట్నించే నాకు చెడ్డరోజులు.”

చిన్నమ్మగారు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక మంచి కుర్చీ అది. అందులోనూ చీర నలుగుతుందన్నట్టు అంచు మీదే కూర్చుంది.

కత్తెరాయన కోటును బల్ల మీద పరిచాడు. కళ్లజోడు పెట్టుకుని, విప్పకుండా మిగిలిన చోట ఆ దొంగ కుట్టును వేలితో తడిమాడు. ఆయన ముఖం వెలిగింది.

“చూశారా? ఇది నా కుట్టు కాదు. నా కోటు మీద ఎవడో చెయ్యేశాడు. ఇది కుట్టా? తడి నేల మీద కోడిపిల్ల నడిచినట్టుంది. ఒక్కటీ తిన్నగా లేదు, అన్నీ ఒక పక్కకే ఒరిగాయి. ఈ కుట్టు వేసినవాడికి సూది కాదు, గునపం ఇవ్వాలి.”

ఇస్త్రీ బల్ల దగ్గర సూదిపిల్ల వింటోంది.

“ఎవడో కాదు,” అన్నాడు ఆయన ఇంకా ఉత్సాహంగా. “ఎదుటి గాజు తలుపుల షాపువాడే. నా మీద ఏడుపుతో అబ్బాయిగారిని పిలిచి, మాయ చేసి, కోటు విప్పి గుడ్డ కాజేసి ఉంటాడు. ఈ కంపు కుట్టు వాడిదే. మైలు దూరం నుంచైనా చెబుతాను.”

కత్తెరాయన చెప్పడంలో ఎప్పుడూ లోటు చెయ్యలేదు. కదిలిపోతున్న రైలు కిటికీలో ఒక మనిషి మెడ చూసి, అక్కడికక్కడే కొలత పట్టేసి, చొక్కా కుట్టి పంపితే, ఆ మనిషి తర్వాతి స్టేషన్లో దిగేసరికి ఒంటికి అతికినట్టు సరిపోయిందని చెప్పుకుంటాడు. చొక్కా రైలుని ఎలా అందుకుందని ఎవరూ అడగలేదు. అడిగితే దానికి ఇంకో కథ వినాలి.

అంతటి కళ్లున్న మనిషి, తన ముందు బల్ల మీద ఉన్న కుట్టు ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. ఎందుకంటే ఆ కళ్లు పుట్టి బుద్ధెరిగాక తన కుట్టు తప్ప వేరేవాళ్ల కుట్టు చూడలేదు.

ఇంకొకటి కూడా చూడలేదు. మిల్లు అబ్బాయి ఆర్నెల్లపాటు వారం తప్పకుండా ఆ గుమ్మం తొక్కాడు. ప్రతిసారీ చొక్కాకో కోటుకో ఒక గుండీ ఊడేది. చలికాలం చెట్టు ఆకులు రాల్చినట్టు రాల్చేవాడు గుండీలు. ‘నా చెయ్యి పడితే తప్ప ఆ పిల్లాడి ఒంటికి బట్ట ఆనదు’ అని కత్తెరాయన వీధి వీధంతా మోగించాడు. తను గట్టిగా కుట్టిన గుండీ వారానికే ఎందుకు ఊడుతోందని ఒక్కసారైనా అనుమానం రావద్దూ? రాలేదు. గుండీలు కుట్టి ఇచ్చేది కూతురని కూడా గుర్తు లేదు.

“అమ్మా, ఎంతసేపు?” అన్నాడు స్టూలు మీది అబ్బాయి. “ఆకలేస్తోంది.”

“కాస్త ఓపిక పట్టు చిన్నా.”

“అసలు నాకీ కోటెందుకు? ఊపిరాడదు ఇందులో. అన్నయ్యకంటే పిచ్చి. ఎండాకాలం కూడా విప్పేవాడు కాదు. చెమటలు కారిపోతూ ఇదే వేసుకుని తిరిగేవాడు. ఏముందిరా ఇందులో అంటే నవ్వేవాడు.”

ఇస్త్రీ పెట్టె ఆగింది. చొక్కా కాలిన వాసన సన్నగా వచ్చాక మళ్లీ కదిలింది.

“కాల్చావా?” అంది పీట మీంచి మేనత్త.

“లేదత్తా.”

“కంపు కొడుతోంది.”

“బొగ్గుల్లో ఏదో పడింది.”

చిన్నమ్మగారికి ఇవేవీ పట్టలేదు. “ఎదుటివాడి మీద తోసేస్తే అయిపోదు. కోటు నీ ఇంట్లోంచి వచ్చింది. గుడ్డ నీ ఇంట్లోనే ఉండాలి. పెట్టెలు తీయించు.”

కత్తెరాయన మొహంలో రంగు పోయింది. తర్వాత రెండింతలై తిరిగొచ్చింది. “తీయించడమెందుకు, నేనే తీస్తాను. వెతుక్కోండి. ఈ ఇంట్లో పరాయి గుడ్డ ఒక్క పోగు కనబడితే నా మొహాన కొట్టండి.”

వెతకడం మేనత్త చేతికి తీసుకుంది. అంత శ్రద్ధగా ఆవిడ ఆ ఇంట్లో ఏ పనీ చెయ్యలేదు. ముక్కల బుట్టలు బోర్లించింది. మిషను కింది సొరుగు లాగింది. పెట్టెలు తెరిచి, మరదలివి ఎన్నేళ్లుగానో చూడాలని ఉన్నవన్నీ చూసింది. సూదిపిల్ల బట్టల మూట విప్పి, ఒక్కొక్కటీ దులిపి, వీధిలోంచి కనిపించేట్టు గుమ్మంలో పడేసింది. కాలర్ ముక్కలు, జేబు ముక్కలు, చేతి అంచులు, మిల్లు పనివాళ్ల ఖాకీ చొక్కాల తాలూకు పీలికలు గదంతా పరుచుకున్నాయి. ఆ నీలం గుడ్డ మాత్రం లేదు. మేనత్త తన మూట ఒక్కటే విప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అప్పటికే గుమ్మంలో నలుగురు చేరారు. ఎవరింట్లోనైనా దొంగతనం బయటపడితే చూడ్డానికి మన వీధుల్లో పిలుపు అక్కర్లేదు.

“అమ్ముకున్నావన్నమాట,” అంది చిన్నమ్మగారు లేచి నిలబడుతూ. “సరే. దొంగచేతికి మా మిల్లు పని ఇవ్వలేం. పనివాళ్ల చొక్కాలు రేపట్నించి ఎదుటి షాపుకి వెళ్తాయి. నాకు అరగంటలో ఆ గుడ్డ కనపడాలి. కనపడితే కోటు వదులు చేసి ఇవ్వు, జరిగింది మర్చిపోతాను. లేదంటే నువ్వేమిటో ఈ ఊరంతటికీ నేనే చెబుతాను.”

“ఇంకో గుడ్డతో అతుకు వేస్తాను. కంటికి కనపడదు.”

“మా వాడు అతుకుల కోటు వేసుకుని ఆ కుర్చీలో కూర్చోవాలా?”

కత్తెరాయన నేల మీద పరుచుకున్న పీలికల మధ్య ఎక్కడ కాలు పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

ఆయన భార్య సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

“అమ్మడూ, ఒకసారి లోపలికి రా. అమ్మగారికి మంచినీళ్లు ఇద్దువుగాని.”

వంటింట్లోకి వెళ్లాక తల్లి నీళ్లు ముంచలేదు. తలుపు దగ్గరగా వేసింది.

“విప్పు.”

“ఏమిటి?”

“పరికిణీ లోపలి నడుము పట్టీ.”

సూదిపిల్ల రెండు చేతులూ నడుముకి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత తను చేసిందేమిటో తెలిసి చేతులు తీసేసింది. ఆలస్యమైపోయింది.

“కాజాలు కుట్టీ కుట్టీ నా కళ్లు సగం పోయాయి,” అంది తల్లి. “మిగిలిన సగం చాలు. ఆ కుట్టు ఎడమచేత్తో వేసింది. ఈ ఇంట్లో ఎడమచేత్తో సూది పట్టేదెవరు?”

“నాన్న పోల్చుకోలేదుగా.”

“మీ నాన్న అద్దంలో తప్ప ఎవర్నీ పోల్చుకోడు. అదే నీ అదృష్టం.”

పిల్ల గోడకి ఆనుకుంది. “నీకు ఎప్పట్నించి తెలుసు?”

“ఆ రోజు శవం వీధిలోంచి వెళ్తుంటే అందరం గుమ్మంలోకి వచ్చాం. నువ్వు రాలేదు. ఇస్త్రీ చేస్తున్నావు. పెట్టెలో నిప్పు లేదు. చల్లారిన పెట్టెతో అంతసేపు ఇస్త్రీ చేసే పిల్లకి ఏమొచ్చిందో తల్లికి ఒకరు చెప్పాలా?”

“అడగలేదేం?”

“అడిగితే నువ్వు చెబుతావు. చెబితే నేను వినాలి. విన్నాక నేనేం చెయ్యాలి?”

అవతల గదిలో మేనత్త గొంతు వినిపిస్తోంది. మంచినీళ్లు ఎంతసేపంటూ.

“ఎందుకు కత్తిరించావే?”

“గుండీ కుడుతుంటే లోపల మందంగా తగిలింది తనకి. ఇదేమిటన్నాడు. ముందుముందు లావైతే విప్పుకోడానికన్నాను. నేను లావవను, నువ్వు తీసుకో అన్నాడు. నవ్వులాట అనుకున్నా. కత్తెర తనే తీసి చేతికిచ్చాడు.” పిల్ల పట్టీ తడుముకుంది. “రాబోయే ఏళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి కదా, నీ దగ్గరే పెట్టుకో అన్నాడు.”

పదిహేడేళ్లకీ పందొమ్మిదేళ్లకీ మాటలు ఇలాగే వస్తాయి. చదివేవాళ్లు నవ్వనక్కర్లేదు. ఆ వయసులో మీరూ ఇంతకంటే తెలివితక్కువ మాటలే ఆడి ఉంటారు. ఇప్పుడు ఒప్పుకోరు.

తల్లి కూడా నవ్వలేదు. “ఇప్పుడవి ఆ లావుపాటివాడి పొట్టకి చుట్టాలి.”

“ఇస్తే తొడుక్కుంటాడమ్మా.”

“తొడుక్కోనీ.”

“ఇవ్వకపోతే తొడుక్కోలేడు. కోటు మూలపడి ఉంటుంది. తన తర్వాత ఇంకెవరూ వేసుకోరు.”

“ఇవ్వకపోతే మీ నాన్న దొంగ. చొక్కాలు ఎదుటి షాపుకి పోతాయి. ఇక మనం ఏం కుట్టుకోవాలి? ఒకరి నోళ్లు ఒకరం కుట్టుకోవాలి.”

“నాకు ఇంకేమీ లేదమ్మా. ఫొటో కూడా లేదు.”

“నాకు మాత్రం ఏముంది? మీ నాన్న పేరు. అది కూడా ఆయన నోటే వినీ వినీ విసుగెత్తింది. అయినా దాని మీదే మనం తింటున్నాం.”

తల్లి బ్లేడు తీసి గూట్లో పెట్టింది. చేతికివ్వలేదు. కూతురికి వీపు తిప్పి నిలబడి, గ్లాసులో నీళ్లు ముంచడం మొదలుపెట్టింది. నిండిన గ్లాసులో ఇంకా పోస్తూనే ఉంది.

వెనక దారం తెగుతున్న చప్పుడు. ఒక్కొక్క కుట్టూ విడివిడిగా.

“ఇదిగో,” అంది పిల్ల.

చిన్నమ్మగారు మంచినీళ్లు ముట్టుకోలేదు. దర్జీ ఇంటి గ్లాసు అలా చూసి పక్కన పెట్టించింది.

“దొరికిందండీ,” అంది తల్లి, గొంతు కాస్త పెంచి. “ఇస్త్రీ పెట్టె పట్టుకునే మసిగుడ్డల్లో పడి ఉంది. నేనే తెలియక వేసి ఉంటాను. తప్పు నాది.”

నీలం గుడ్డ. రెండు పక్కల ముక్కల్నీ కలిపి కుట్టిన సన్నటి పట్టీ. గుమ్మంలో నలుగురూ మెడలు చాచారు. మేనత్త మొహం చిన్నబోయింది. ఇంత త్వరగా తేలిపోతుందని ఆవిడ అనుకోలేదు.

కత్తెరాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. “చెప్పానా? చెప్పానా నేను? నా ఇంట్లో పరాయి గుడ్డ నిలవదని. మసిగుడ్డల్లో పడిందట. ఆడవాళ్ల చేతికి గుడ్డ ఇస్తే ఇంతే. అమ్మగారూ, మీరన్న మాటలు వెనక్కి తీసుకోవాలి. అందరి ముందూ అన్నారు, అందరి ముందూ తీసుకోవాలి.”

“సరేలేవయ్యా. ముందు కుట్టు.”

“తీసుకోవాలి మరి.”

“తీసుకున్నాను. కుట్టు.”

ఆయన వీధివైపు చూశాడు. అందరూ విన్నారా లేదా అని ఒక్కొక్క మొహమూ చూశాడు. అంత సంబరం ఆయనకి పెళ్లినాడు కూడా లేదు. అప్పుడు భార్య చేతిలోంచి పట్టీ అందుకున్నాడు.

అందుకుని ఆగాడు.

గుడ్డ వెచ్చగా ఉంది.

మసిగుడ్డల్లో పడి ఉన్న గుడ్డ వెచ్చగా ఉండదు. మసి కూడా లేదు. పట్టీని వేళ్ల మధ్య నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లాడు. ఒక ఒంటిని చుట్టుకుని చాలాకాలం ఉన్న గుడ్డ, ఆ ఒంటి వంపు నేర్చేసుకుంటుంది. బల్ల మీద పెడితే తిన్నగా పడుకోదు. ఇది పడుకోలేదు. అంచు వెంట ఇప్పుడే విప్పిన కుట్ల రంధ్రాలు వరుసగా ఉన్నాయి. అన్నీ ఒక వైపుకే ఒరిగి ఉన్నాయి, కోటు మీది ఆ కోడిపిల్ల నడకలాగే.

తలెత్తాడు. ఇస్త్రీ బల్ల దగ్గర కూతురు నిలబడి ఉంది. పెట్టె ఎడమచేతిలో ఉంది. పెట్టె కింద బట్ట లేదు. ఉత్త బల్లనే రుద్దుతోంది.

భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు తప్పించుకుంది. ముప్పై ఏళ్లుగా మనుషుల మెడలూ భుజాలూ చూసిన కళ్లు అప్పుడు మొదటిసారి మనుషుల్ని చూసినట్టున్నాయి. పాపం, అలవాటు లేని పని. పట్టీని కోటుకి దూరంగా జరిపాడు.

“ఏమైందయ్యా? ఎక్కించు దారం,” అంది చిన్నమ్మగారు.

“ఇది ఆ కోటు గుడ్డ కాదమ్మగారూ.”

గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

“కాదా? అదే రంగు కదయ్యా.”

“మీ కళ్లకి అదే రంగు. మీరు గుడ్డ అమ్మేవాళ్లు, గుడ్డ మీకెలా తెలుస్తుంది?” ఆయన గొంతులో పాత బడాయి ఉంది గానీ, అడుగున ఏదో విరిగినట్టుంది. “ఇది నా ఇంటి గుడ్డ. మీ గుడ్డ వేరు. దాన్ని నేనే కత్తిరించాను. అమ్మేసుకున్నాను.”

“ఏమండీ,” అంది భార్య.

“నువ్వు ఊరుకో.”

“మతి పోయిందేమిట్రా?” అంది మేనత్త. ఆవిడ నిజంగా భయపడింది. దొంగ ఇంట్లో అన్నం కూడా సరిగ్గా ఉడకదు మరి.

చిన్నమ్మగారు కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ మొహంలో కోపం కంటే తృప్తి ఎక్కువ కనిపించింది. తక్కువవాళ్లు తాను అనుకున్నంత తక్కువగానే ఉంటే ఆవిడకి లోకం సవ్యంగా ఉన్నట్టు.

“ఇందాక నా చేత మాటలు వెనక్కి తీయించావు. అవన్నీ మళ్లీ నీకే. పనివాళ్ల చొక్కాలకి ఇంక మా గేటు దగ్గరకి రాకు. చిన్నా, లే.”

“కోటు?”

“ఆ పేలిక కూడా వాడికే వదిలెయ్. అదీ అమ్ముకుంటాడు.”

అబ్బాయి బతికిపోయినట్టు లేచాడు. తల్లి వెనకే వీధిలోకి నడిచాడు. గుమ్మంలో జనం దారి ఇచ్చి, వాళ్లు దాటగానే మళ్లీ మూసుకున్నారు. మేనత్త కారు దాకా పరిగెత్తింది, అమ్మగారూ, మావాడికి నిన్నట్నించి జ్వరంగా ఉందండీ అంటూ. ఆవిడ అబద్ధం ఎవరికోసమైనా ఆడగలదు, తన భోజనానికి ప్రమాదం వచ్చినప్పుడు.

గదిలో ముగ్గురే మిగిలారు.

కత్తెరాయన పట్టీని చుట్టగా చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. విప్పేసిన కోటును తీసి వంకెకి తగిలించాడు. భుజాలు సరిచేశాడు. నేల మీది పీలికలు ఏరడం మొదలుపెట్టాడు. ఆయన పీలికలు ఏరడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

సూదిపిల్ల పెట్టె దింపి వచ్చి, ఎదురుగా నిలబడి చెయ్యి చాచింది.

“ఏమిటి?” అన్నాడు తలెత్తకుండా.

“ఆ గుడ్డ.”

“ఎవరిదో చెప్పి అడుగు. ఇస్తాను.”

“ఏమండీ, తలుపు తీసుంది,” అంది తల్లి మెల్లగా. “వాళ్లంతా అక్కడే ఉన్నారు.”

“ఉండనీ. నేను దొంగనని నా నోటితో నేను చెబుతుంటే చెవులు రిక్కించి విన్నారు. ఇదీ వింటారు.”

“ఇదేం పంతం? పిల్ల అది.”

“పిల్ల అని తెలియకే కదా ఇంత జరిగింది. నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా సూదితో. నేను వీధిలో డప్పు కొట్టుకుంటూ తిరిగాను.” లేచి నిలబడ్డాడు. చేతిలో పీలికలు అలాగే ఉన్నాయి. “ఎవరిది అమ్మడూ?”

“నాది,” అంది పిల్ల.

“కుట్టుకున్నంత మాత్రాన నీది కాదు. ఎవరో ఇస్తే నీది. ఎవరిచ్చారు?”

సూదిపిల్ల గుమ్మంవైపు చూసింది. చాకలావిడ ఉంది. పాలవాడు ఉన్నాడు. ఎదుటి గాజు తలుపుల షాపువాడు కూడా దాటుకుని వచ్చి, జాలిపడుతున్నట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. నెల రోజులుగా ఆ పిల్ల వీళ్లందరి బట్టలూ ఇస్త్రీ చేసింది. ఒక్కరి ముందు కూడా ఏడవలేదు.

ఇప్పుడు కూడా ఏడవలేదు. అతని పేరు చెప్పింది.

మిల్లువారి అబ్బాయిగారని అనలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన పేరు కూడా అనలేదు. పుట్టినప్పుడు ఇంట్లో పెట్టుకున్న పిలుపు అది. రెండక్షరాలు. మిల్లువారి గోడలు దాటి ఎప్పుడూ బయటికి రాని పిలుపు. దాన్ని ఆ పిల్ల, రోజూ పిలిచి అలవాటైన గొంతుతో పలికింది.

“ఎవరు? ఎవరట?” అంది చాకలావిడ. పాలవాడు భుజాలెగరేశాడు. షాపువాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, నీకు తెలుసా అని అడిగాడు. వీధి మొత్తానికి ఒక్కరికీ ఆ పేరు అందలేదు.

కత్తెరాయన అడగలేదు. జేబులో చెయ్యి పెట్టాడు.

పట్టీ ఆయన చేతిలోంచి ఆమె చేతిలోకి ఇంకా పూర్తిగా వెళ్లలేదు. గుమ్మంలో జనం మళ్లీ పక్కకి తొలిగారు. స్టూలు పక్కన మర్చిపోయిన టోపీ కోసం కారు దిగి వెనక్కి వచ్చిన చిన్నా, గడపలో ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టడం మర్చిపోయి నిలబడ్డాడు.

“మా అన్నయ్యని అలా పిలుస్తామని,” అన్నాడు, “నీకెవరు చెప్పారు?”